గొంతు కలుపని సంగీతము

దూరదేశములందలి తెలుగు పిల్లలు కంప్యూటరు ముందు గూర్చుండి యిక్కడి గురువులయొద్ద సంగీతము నేర్చుకొనుట 2020 నాటి కోవిడు కాలమునుండి సాధారణమైనది. దీనిని మేము నిందింపము. గురువు లేని యూరిలో గురువు దొరకుట మేలే. కాని పాఠము జరుగు తీరు చూచి యూరకుండజాలము. గురువు పాడును, పిల్ల వినును; పిదప పిల్ల పాడును, గురువు వినును. పదిమంది కూడినచో తొమ్మండుగురు మ్యూటులో నుందురు. ఇట్లు వర్ణములును కృతులును నేర్చిన పిల్ల యింకొక గొంతుతో గొంతు కలిపి యెఱుగదు. ప్రక్కన మృదంగము మ్రోగగానే తడబడును.

సాంకేతికలోపమునకు మేమేమి చేయుదుమని పెద్దలందురు. ఇందు సగము సత్యము, సగము సోమరితనము.

గాజుతీగలో కాంతి సెకండునకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. హైదరాబాదునుండి కాలిఫోర్నియా 13 వేల కిలోమీటర్లకు పైమాట. తీగ తిన్నగా పఱచియున్నను పాట చేరుటకు 65 మిల్లీసెకండ్లు, బదులు వచ్చుటకు మఱి 65. కలసి లయ నిలుపువారికి 25, 30 దాటిన యాలస్యము కష్టము. గాలిలో ధ్వని యంతసేపటికి పది మీటర్లు పోవును. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున క్రిస్ చేఫ్ ప్రభృతులు ఇద్దఱిద్దఱిచే చప్పట్లు కొట్టించి, ఆలస్యము పెరిగినకొలది లయ మందగించుటను 2004లో చూపిరి. ఇది ధనముచే తీరు లోటు కాదు.

ఇక సోమరితనము. సభలలో మాటలాడుటకై చేసిన సాధనములను సంగీతమున కట్లే వాడుచున్నాము. అవి మాటను కాపాడబూని యెడతెగని నాదమును రొదగా నెంచి యణచును. తంబురా వానికి పంకా మ్రోతతో సమానము! జూమువంటి వానిలో ఈ యణచివేతను మాన్పు వీలున్నది. దానిని వెదకి చూచిన గురువు లెందఱు?

అంతకన్న పెద్ద తప్పు మఱొకటి. దూరపు గురువు దొరకగానే దగ్గఱి తోటివారిని మఱచితిమి. డల్లాసు పిల్ల హ్యూస్టను పిల్లతోను, విజయవాడ పిల్ల హైదరాబాదు పిల్లతోను కలసి పాడుటకు తీగలో పట్టునది రెండు మూడు మిల్లీసెకండ్లే. తక్కిన యాలస్యము మన యంత్రములదే. వైఫై మాని తీగ తగిలించి, బ్లూటూతు లేని హెడ్‌ఫోనులు పెట్టుకొని, దగ్గఱి సర్వరు నెన్నుకొన్నచో నది చాలవఱకు తగ్గును. ఇందులకై చేఫ్ బృందము జాక్‌ట్రిప్‌ను, ఫోల్కర్ ఫిషర్ జామ్యులస్‌ను నిర్మించిరి. జామ్యులస్ ఉచితము. 2020లో నెందఱో వాద్యకారులు దానితో ఇండ్లనుండియే కలసి వాయించిరి.

మనవారు నాడు చేసినదేమి? ఎవరి గదిలో వారు పాడి పంపగా, ముఖములను గళ్లలో నమర్చి బృందగానమని చూపి మురిసితిమి. అది కుట్టుపని. చక్కని కుట్టే కావచ్చును. కాని యం దొకరి పాట నొకరు విని సర్దుకొనుట లేదు.

గురుదక్షిణ చెల్లించునపుడు, మా పిల్ల యింకొకరితో కలసి పాడుట యెన్నడని తల్లిదండ్రు లడుగవలెను. దగ్గఱి యూరి శిష్యు లిద్దఱిని జతగూర్చి వారమున కొక గంట జామ్యులస్‌లో సరళీస్వరములు పాడింపుడని కోరవలెను. తాళము మొదట చెడును, చెడనిండు.