కాలం చెల్లిన సాఫ్ట్‌వేర్ – తెలుగు పాఠసంరక్షణ : విశ్వవిద్యాలయాల బాధ్యత

విండోస్ మారినప్పుడల్లా తెలుగు డీటీపీ రంగంలో ఒకే ఫిర్యాదు వినిపిస్తుంది: పాత పేజ్‌మేకర్ ఫైలు తెరుచుకోవడం లేదు, తెరుచుకున్నా అక్షరాలు రావడం లేదు. దీనిని యంత్రానికి సంబంధించిన చిక్కుగా, డీటీపీ ఆపరేటరు తీర్చవలసిన పనిగా భావించడం తెలుగు అధ్యయన రంగంలో పరిపాటి అయింది. ఈ భావన సరికాదు. ఇది పాఠసంరక్షణ సమస్య. కనుక తెలుగు పరిశోధకుల సమస్య.

ఆల్డస్ సంస్థ 1985లో విడుదల చేసిన పేజ్‌మేకర్ 1994లో అడోబీ చేతికి వచ్చింది. 2001లో వెలువడిన 7.0 దాని చివరి ప్రధాన రూపం. వరంగల్, హనుమకొండ డీటీపీ కేంద్రాలలో మాత్రం, ఇతర తెలుగు పట్టణాలలో వలెనే, పేజ్‌మేకర్, అను ఫాంట్ల జంట ఆ తరువాత కూడా చాలాకాలం కొనసాగింది. కరపత్రం మొదలు పిహెచ్.డి. సిద్ధాంతగ్రంథం వరకు అందులోనే రూపొందాయి. ఈలోగా విండోస్ ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్‌లో, విండోస్ 10కి 2025 అక్టోబరులో ముగిసింది. విండోస్ 11కు 32 బిట్ల రూపమే లేదు. 64 బిట్ల విండోస్‌లో పాత 32 బిట్ల ప్రోగ్రాములు నడవవచ్చు గాని, 32 బిట్ల డ్రైవర్లు పనిచేయవు. అటువంటి డ్రైవరు మీద ఆధారపడిన లాక్ గల లిపి సాఫ్ట్‌వేర్, డబ్బు పెట్టి కొన్నదే అయినా, మూగబోతుంది.

తప్పంతా ఆపరేటింగ్ సిస్టమ్ కంపెనీలదే అనే వాదం అర్ధసత్యం. అసలు లోపం పాఠాన్ని నిల్వచేసిన పద్ధతిలో ఉంది. యూనికోడ్‌లో ‘స్త్రీ’ అనేది స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం అనే ఆరు సంకేతాల వరుస. పాత ఫాంట్లలో నిల్వ ఉండేది వర్ణక్రమం కాదు. గుడిదీర్ఘంతో కూడిన సకారం, తవత్తు, రవత్తు వంటి ఆకార శకలాలు. ఏ శకలానికి ఏ సంఖ్య అన్నది ఆ ఫాంటు తయారీదారు ఇష్టం. ఫాంటు తొలగితే మిగిలేది అర్థంలేని రోమను అక్షరాలు, గుర్తులు. తెలుగుకు 1991లోనే యూనికోడ్‌లో స్థానం లభించిందని గుర్తుంచుకుంటే, ఈ జాప్యానికి కంపెనీలను మాత్రమే నిందించడం కుదరదు.

హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం క్రీ.శ. 1163 నాటిది. దానిని నేటికీ చదవగలుగుతున్నామంటే కారణం రాతి గట్టిదనం ఒక్కటే కాదు. ఆ లిపి ఎవరి సొంత ఆస్తీ కాకపోవడం. లిపి ఉమ్మడి సొత్తయినప్పుడు పరిణామక్రమాన్ని పట్టుకొని వెనక్కు నడవవచ్చు. ఒక సంస్థ సంకేతపట్టికలో బందీ అయిన పాఠానికి ఆ సదుపాయం లేదు.

పీడీఎఫ్ ఉన్నది కదా, అచ్చుప్రతి ఉన్నది కదా అనేది తరచు వచ్చే సమాధానం. పీడీఎఫ్ కంటికి కనిపిస్తుంది. కాని లోపలి సంకేతాలు పాతవే అయితే అందులో ఒక్క తెలుగు పదాన్నీ వెతకలేము. యు.జి.సి. 2009 నిబంధనలు సిద్ధాంతగ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతుల సమర్పణను కోరాయి. 2018 నిబంధనలు గ్రంథచౌర్య నివారణను విధించాయి. అక్షరాలుగా గుర్తించలేని పాఠంలో సామ్యాన్ని ఏ సాఫ్ట్‌వేర్ పసిగట్టగలదు? ఫలితంగా కాపీ కొట్టినవారు తప్పించుకుంటారు. నిజాయతీగా శ్రమించినవారి పరిశోధన తరువాతివారి కంట పడదు. ఈ రెండు అన్యాయాలకూ మూలం ఒక్కటే.

పాత కంప్యూటరును అలాగే ఉంచుకుంటే చాలదా అనేవారున్నారు. హార్డ్‌డిస్కు పాడైన రోజున ఆ వాదం ముగుస్తుంది. అంతవరకూ అయినా ఆ పాఠం ఒక గదిలో ఒక యంత్రం ముందు కూర్చున్నవారికే అందుతుంది.

మార్పిడి సాధనాలున్నాయి కనుక ఇది గుమాస్తా పని అనడం మరింత పొరపాటు. వత్తుల క్రమం తారుమారు కావచ్చు, అరసున్న జారిపోవచ్చు, శకటరేఫం సాధురేఫం కావచ్చు. చూపుకు ఒకేలా ఉండే అక్షరం రెండు రకాల శకలాలతో కూర్చబడి ఉండవచ్చు. తాళపత్రాలలో లేఖకదోషాలను గుర్తించి పాఠనిర్ణయం చేసిన పరిష్కర్తలకు ఇవి కొత్తవి కావు. ప్రాచీన కావ్యపాఠానికి చూపే శ్రద్ధలో కొంతైనా నిన్నటి సిద్ధాంతగ్రంథానికి చూపకపోవడం పరిష్కరణశాస్త్రాన్ని సగమే నమ్మడం.

కాకతీయ విశ్వవిద్యాలయం మొదలుగా తెలుగు శాఖలున్న ప్రతి విశ్వవిద్యాలయం చేయవలసినవి మూడు. పీడీఎఫ్‌తో పాటు యూనికోడ్ పాఠాన్ని సమర్పించనిదే సిద్ధాంతగ్రంథాన్ని స్వీకరించరాదు. పాత ఫైళ్లను, వాటి ఫాంట్ల వివరాలతో సహా, సేకరించి యూనికోడ్‌లోకి మార్చాలి. ఆ పాఠాల పరిశీలనను పిహెచ్.డి. స్థాయిలో పరిష్కరణ పరిశోధనగా గుర్తించాలి. ఈ భారాన్ని డీటీపీ కార్మికుల మీదికి నెట్టడం న్యాయం కాదు. అలవాటైన కీబోర్డు అమరికతోనే యూనికోడ్‌లో టైపు చేయగల సాధనాలు ఉన్నాయి. శిక్షణకు, మార్పిడికి అయ్యే ఖర్చు సంస్థలు భరించాలి.

ఆపరేటింగ్ సిస్టములు ఇకముందూ మారుతూనే ఉంటాయి. ఆ మార్పును ఆపడం తెలుగు శాఖల చేతిలో లేదు. పాఠాన్ని ఆ మార్పుకు అతీతంగా నిలపడం మాత్రం వాటి చేతిలోనే ఉంది.