"నన్ను ఆపండి" అన్నవానికి

మన రాష్ట్రం 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2025లో కేంద్రం డబ్బు ఒడ్డే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. అయినా మునగాల, కోదాడలలో ఫోనుల్లో ఆట ఆగలేదు. సింగపూర్‌లో జూదరి తనను క్యాసినోలోనికి రానీయవద్దని తానే దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఇంటివారూ పెట్టవచ్చు. దొంగచాటు ఆటకు ఆ దరఖాస్తు ఎవరికివ్వాలి?

మస్జిద్ కమిటీకే ఇవ్వాలంటాము. అల్ మాయిదా సూరా 90వ ఆయత్ మద్యంతోపాటు జూదాన్నీ నిషేధించిందని ఖుత్బాలో వినగానే ఆ యువకుడు తల వంచుకుంటున్నాడు, నోరు విప్పడం లేదు. కేంద్ర చట్టమే ఆడినవానికి శిక్ష పెట్టలేదు, మనమెందుకు వెలివేయాలి? వచ్చినవాని ఫోను, ఏటీఎం కార్డు అతని సమ్మతితో తల్లికో భార్యకో అప్పగింపజేయాలి. టెలీమానస్ 14416కు పక్కన కూర్చుండి ఫోను చేయించాలి, అది ఉచితం. పేరు మాత్రం కమిటీ గది దాటరాదు.