థర్మోకోల్ పరమాణువు, బంకమట్టి పరమాణువు

పోయిన వారం చేపల చెరువుల కౌలు గురించి రాశాను. ఈ వారం పరమాణువు గురించి. నవ్వకండి, రెండూ మన పేట విషయాలే.

తొమ్మిదో తరగతిలో పరమాణు నిర్మాణం పాఠం వస్తుంది. దాని వెనకే ప్రాజెక్టు: "కార్బన్ పరమాణువు నమూనా చేసుకురండి." ఏలూరులోనైనా తాడేపల్లిగూడెంలోనైనా ఫ్యాన్సీ షాపుకెళితే థర్మోకోల్ బంతులు, మెరుపు కాగితాలు, రంగు డబ్బాలు అన్నీ ఉంటాయి. ఉండనిది మన దగ్గర డబ్బే. కొల్లేరు ఒడ్డున నాకు తెలిసిన పిల్ల ఒకతి, తండ్రి చెరువు మీద కాపలా, బంకమట్టితో చేసి పట్టుకెళ్ళింది. మొదటి కక్ష్యలో రెండు ఎలక్ట్రాన్లు, రెండో దాంట్లో నాలుగు. లెక్క తప్పలేదు. "నీట్‌గా లేదు" అని మార్కులు కోశారు. పక్క పిల్లాడు రెడీమేడ్‌ది కొని తెచ్చాడు. దాంట్లో ఎలక్ట్రాన్లు ఎనిమిది. అది కార్బన్ కాదు, ఆక్సిజన్! ఫుల్ మార్కులూ దానికే, అల్మారాలో చోటూ దానికే.

ఇవి సైన్సు మార్కులా, తండ్రి జేబుకి మార్కులా?

అంబేద్కర్ బడిలో లెక్క చేయడానికి బోర్డు దగ్గరికి వెళితే, బోర్డు వెనక పెట్టుకున్న అన్నం డబ్బాలు మైలపడతాయని మిగతా పిల్లలు పరిగెత్తి తీసేసుకున్నారట. ఇప్పుడు ఆ డబ్బాలు లేవు. బోర్డు దగ్గరికి వెళ్ళడానికి సామాను బిల్లు కావాలి, అంతే తేడా.

ఇంకోటి. అలంకరణకి వాడే థర్మోకోల్ 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. అయినా బళ్ళో అదే కావాలి. ఏలూరు చెత్తలో పడ్డ ముక్క తమ్మిలేరులో పడి ఎటు పోతుంది? కొల్లేరుకే. 2002 నుంచి అది రామ్‌సార్ చిత్తడి నేల అని పాఠం చెబుతూనే అందులోకి తోస్తున్నాం.

మన పద్ధతి చెబుతాను. చెరువు గట్టు బంకమట్టితో పన్నెండు ఉండలు, శనగగింజంతవి. నీడన ఆరాక ఆరింటికి పసుపులో సున్నం కలిపి ఆ ఎరుపు పూయండి. అవి ప్రోటాన్లు. పూయనివి న్యూట్రాన్లు. తడిమట్టితో అన్నీ ఒక ముద్దగా అతికించండి. పచ్చి కొబ్బరి ఈనెలు రెండు వంచి, చిన్న చుట్టొకటి, పెద్ద చుట్టొకటి కట్టండి. వలకి కట్టే బెండు చిన్న ముక్కలు ఆరు కోసి, లోపలి చుట్టుకి రెండు, బయటి చుట్టుకి నాలుగు గుచ్చండి. వల దారంతో వేలాడదీయండి. ఖర్చు సున్నం పొట్లం.

అయితే ఈ బొమ్మ అబద్ధం కూడా చెబుతుంది, అది పిల్లలకి చెప్పి తీరాలి. ఎలక్ట్రాన్లు ఈనెల మీద పూసల్లా తిరగవు. బోర్ 1913లో ఇచ్చిన చుట్ల లెక్క తర్వాత పదిహేనేళ్ళు తిరక్కుండానే మారిపోయింది. కొలత ఇంకా పెద్ద అబద్ధం. కేంద్రకం మొత్తం ఒక్క శనగగింజంత అనుకుని బడి మధ్యలో పెడితే, కార్బన్ పరమాణువు అడ్డం రెండు మూడు వందల మీటర్లు. ప్రహరీ దాటి పేట దాకా వస్తుంది! మధ్యంతా ఖాళీయే. రూథర్‌ఫర్డ్ 1911లో తేల్చింది అదే. బంగారు రేకు మీదికి కణాలు వదిలితే చాలావరకు తిన్నగా దూసుకుపోయాయి, ఏ కొద్దో వెనక్కి తిరిగాయి. తాడేపల్లిగూడెం మార్కెట్లో ఉల్లిపాయ కోసి "ఇదిగో కక్ష్యలు" అనే మాస్టార్లున్నారు. పొరలు చూపించడానికి పర్లేదు, ఖాళీ చూపించడానికి పనికిరాదు. అన్నట్టు, ఇంకో మూలకంతో బంధం కట్టేది బయటి కక్ష్యలోని ఎలక్ట్రాన్లే. వెలిగా ఉన్నవాళ్ళే పని చేస్తారు, కేంద్రకం కదలదు.

ఇక మేఘనాథ్ సాహా. 1893లో ఢాకా దగ్గర పల్లెలో చిన్న కొట్టు నడిపే ఇంట్లో పుట్టాడు. దళితుడు కాదు, కానీ తక్కువ కులమని లెక్కగట్టిన ఇల్లు. కలకత్తా హాస్టల్లో పై కులాల పిల్లలు ఆయనతో కలిసి అన్నం తినలేదు. ఆ మనిషే 1920లో, నక్షత్రాల వేడికి పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఎంత మేర ఊడిపోతాయో లెక్కగట్టే సమీకరణం ఇచ్చాడు. నక్షత్రాల కాంతి చదవడానికి దాన్ని ప్రపంచమంతా వాడింది. మన బొమ్మలో బయటి చుట్టు నుంచి ఒక బెండు ముక్క లాగేయండి. ప్రోటాన్లు ఆరు, ఎలక్ట్రాన్లు ఐదు. అదే అయాన్. షాపు బొమ్మకి బంతులు గమ్‌తో అతికించేసి ఉంటాయి కాబట్టి ఇది కుదరదు.

టీచర్లకి నా మాట ఒకటే. నమూనా ఇంటి దగ్గర చేయించకండి. క్లాసులో, అందరికీ ఒకే మట్టి ఇచ్చి చేయించండి. మార్కులు బొమ్మకి కాదు, "ఈ ఆరో ముక్క ఎక్కడ పెట్టావు, ఎందుకు?" అన్న ప్రశ్నకి పిల్ల చెప్పే జవాబుకి వేయండి. మండలాల్లో పనిచేస్తున్న విద్యార్థి మిత్రులారా, సైన్సు ఫెయిర్లు రాకముందే హెచ్‌ఎంలకి ఇదే అర్జీ రాసివ్వండి. ఎక్కడెక్కడ ఇచ్చారో కింద కామెంట్లో పెట్టండి, వచ్చే వారం ఆ జవాబుల గురించి రాస్తాను.