గీసిన బొమ్మకు ఎందుకు ఏడుస్తాం?

సినిమా మొదలైన కాసేపటికే ముగింపు తెలిసిపోతుంది. 1945 సెప్టెంబర్ 21 రాత్రి, కోబె నగరంలోని సన్నోమియా రైల్వే స్టేషన్‌లో, స్తంభానికి చేరగిలబడిన పద్నాలుగేళ్ల సెయిటా ఆకలితో ప్రాణం విడుస్తాడు. స్టేషన్ ఊడ్చే మనిషి అతని దగ్గర దొరికిన పిప్పరమెంట్ల డబ్బాను బయటి చీకట్లోకి విసిరేస్తాడు. మూత ఊడి చిన్న చిన్న ఎముక ముక్కలు గడ్డిలో రాలిపడతాయి. అవి అతని నాలుగేళ్ల చెల్లెలు సెత్సుకోవి. ఇద్దరూ బతకరని తేలిపోయాక ఇంకా దాదాపు గంటన్నర సినిమా మిగిలి ఉంటుంది. అయినా ఇసావో తకహతా 1988లో స్టూడియో ఘిబ్లీలో తీసిన ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’ను పొడి కళ్లతో చూసి లేచేవాళ్లు అరుదు. కథంతా తెలిసీ సీతమ్మ కష్టాలకు కంటతడి పెట్టే అలవాటున్న మనకు ఇందులో వింతేమీ కనిపించకపోవచ్చు. కానీ ఇక్కడ ఏడిపిస్తున్నది కాగితం మీద గీసి, రంగులు వేసి, కదిలించిన బొమ్మ. జపాన్ అనిమే మన పిల్లలను, పిల్లల వెనక మనల్నీ ఇంతగా ఎందుకు కదిలిస్తోందో సాహిత్య పత్రిక ఆలోచించవలసిన సమయం వచ్చింది.

సాధారణంగా వినిపించే జవాబులు రెండు. కథలో విషాదం ఉంది కాబట్టి ఏడుపొస్తుందనేది మొదటిది. విషాదమే చాలినదైతే చావు ఉన్న ప్రతి సినిమా ఏడిపించాలి. చావులు లెక్కకు మిక్కిలిగా ఉన్నా ఒక్క కన్నీటి బొట్టు రాలని సినిమాలు మనం వారం వారం చూస్తూనే ఉన్నాం. క్షణికమైన దానిలో అందాన్ని చూసే జపనీయుల సౌందర్య దృష్టే దీనికి మూలమనేది రెండవ జవాబు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ ఆ దృష్టి గురించి ఒక్క మాటా వినకుండా, ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు చదువుకుంటూ హైదరాబాద్ హాస్టల్ గదిలో కళ్లు తుడుచుకునే విద్యార్థికి అది వర్తించదు. అనిమే మనల్ని కదిలించేది చావును చూపించి కాదు, ఆ చావుకు ముందున్న బతుకును అసాధారణమైన శ్రద్ధతో చూపించి. గీసిన బొమ్మ కావడం ఆ శ్రద్ధకు అడ్డు కాకపోగా, అదే దానికి ఆధారం.

అదే సినిమాలో సెత్సుకో మరణాన్ని చూడండి. అన్న పుచ్చకాయ ముక్క కోసి నోటికందిస్తాడు. ఆమె మళ్లీ లేవలేదని ఒక్క ముక్కలో చెప్పి కథనం ముందుకు సాగుతుంది. గుండెలు బాదుకోవడాలు లేవు. ప్రేక్షకుడి గొంతు పట్టేసేది ఆ తరవాత. చెరువు అవతలి ఇంటివాళ్లు ఊరికి తిరిగొచ్చి గ్రామఫోన్‌లో ‘హోమ్ స్వీట్ హోమ్’ అనే పాత ఇంగ్లిష్ పాట పెడతారు. ఆ పాట వినిపిస్తుండగా, అన్న తిండి కోసం తిరుగుతున్న రోజుల్లో సెత్సుకో ఒంటరిగా ఎలా పొద్దుపుచ్చిందో తెర చూపిస్తుంది. నీళ్లలో తన నీడతోనే చేతులాట ఆడుతుంది. సూదీ దారంతో ఏదో కుట్టబోతుంది. చనిపోయిన పిల్ల ఆడుకుంటూ కనిపించడం తప్ప అక్కడ ఇంకేమీ జరగదు. అంతకుముందు పిప్పరమెంట్లు అయిపోయిన డబ్బాలో అన్న నీళ్లు పోసి గిలకొట్టి ఇచ్చినప్పుడు ఆ పిల్ల వాటిలో ద్రాక్ష, స్ట్రాబెర్రీ రుచులను వెతుక్కున్న తీరు మనం చూశాం. ఆకలికి తెలివి తప్పుతున్న దశలో గోళీలను పిప్పరమెంట్లనుకుని చప్పరించడం, మట్టి ముద్దలను అన్నమంటూ అన్నకు వడ్డించడం చూశాం. కాబట్టి మనం ఏడ్చేది ‘యుద్ధంలో మరణించిన బాలిక’ అనే సమాచారానికి కాదు, మనకు బాగా తెలిసిపోయిన ఒక పిల్లకు.

ఈ పరిచయం కలిగించడంలో గీతకు ప్రత్యేకమైన బలం ఉంది. కెమెరా పెడితే ఆకు కదలిక, గాలికి లేచిన వెంట్రుక, నటి కనురెప్ప వాటంతటవే ఫ్రేములోకి వచ్చేస్తాయి. యానిమేషన్‌లో ఏదీ దానంతటది రాదు. పిల్ల డబ్బా మూతను ఏ వేళ్లతో పట్టుకుంటుందో, నీళ్లు తాగాక ఎంతసేపు ఆగి నవ్వుతుందో ఎవరో ఒకరు కూర్చుని, గమనించి, తేల్చుకుని గీయాలి. సెత్సుకోకు గొంతునిచ్చింది కూడా నిజంగా చిన్న పిల్లే. ఆ మాటలను ముందు రికార్డు చేసి, వాటికి తగినట్టు బొమ్మలు గీశారు. మూలకథ 1967లో అకియుకి నొసాకా రాసింది. యుద్ధకాలపు ఆకలికి పోయిన తన చెల్లెలి జ్ఞాపకం దానికి పునాది. దర్శకుడు తకహతా కూడా తొమ్మిదేళ్ల వయసులో ఒకయామా మీద జరిగిన బాంబుదాడి నుంచి బయటపడ్డవాడే. అనుభవం ఉన్నంత మాత్రాన కళ పుట్టదు. నిత్యజీవితాన్ని ఓపికగా గీసే విద్యను ఆయన 1974లోనే ‘హైడీ’ టీవీ సీరియల్‌లో సాధించాడు. 52 భాగాల ఆ కథలో ఆల్ప్స్ కొండల మీద తాతా మనవరాలు తినడం, పడుకోవడం, మేకలను తోలుకెళ్లడమే ప్రధాన సంఘటనలు. నిప్పు సెగకు కరిగి రొట్టె మీదికి జారే జున్ను దృశ్యాన్ని జపాన్ ప్రేక్షకులు దశాబ్దాల పాటు గుర్తుపెట్టుకున్నారంటే ఆ గమనిక ఎంత నిశితమైనదో ఊహించవచ్చు.

ఎంత చేసినా బొమ్మ బొమ్మే కదా, మహానటి ముఖంలో పలికే భావం నాలుగు గీతల ముఖంలో ఎలా పలుకుతుందనే ప్రశ్న సహజం. 1944లో ఫ్రిట్జ్ హైడర్, మారియాన్ సిమ్మెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు రెండు త్రిభుజాలు, ఒక వృత్తం అటూ ఇటూ కదిలే చిన్న ఫిల్మును కొందరికి చూపించి, ఏం చూశారో రాయమన్నారు. దాదాపు అందరూ వాటిని మనుషులుగానే వర్ణించారు: పెద్దది దౌర్జన్యం చేస్తోందని, చిన్నది ఎదిరిస్తోందని, వృత్తం భయపడి దాక్కుందని. ముఖమే లేని ఆకారాలకు భయాన్ని అప్పగించిన మనసుకు రెండు కళ్లు, ఒక నోరు సరిపోవా? ఇది మనవాళ్లకు కొత్త సంగతేమీ కాదు. భవభూతి ‘ఉత్తరరామచరితం’ మొదటి అంకంలోనే సీతారాములు తమ కథను గీసిన చిత్రాలను చూస్తూ చలించిపోతారు. శూర్పణఖ బొమ్మను చూసి సీత బెదిరితే అది చిత్రమేనని రాముడు గుర్తుచేయవలసి వస్తుంది. రసానుభవంలో పాత్ర తాలూకు వ్యక్తిగత గుర్తింపులు కరిగి భావం అందరిదీ అవుతుందని మన ఆలంకారికులు సాధారణీకరణం పేరిట చెప్పారు. నటుడి ముఖానికి ఒక పేరు, ఇమేజి, గత సినిమాల బరువు ఉంటాయి. గీసిన ముఖానికి అవేవీ లేవు. అందుకే ఆ భావంలోకి మనం సులువుగా ప్రవేశిస్తాం. లక్ష్మణమూర్ఛ ఘట్టాన్ని తోలుబొమ్మల్లో చూసి కదిలిన తెలుగు పల్లెలకు ఈ మాట రుజువు చేయనక్కర్లేదు.

అనిమే ఇలా రూపుదిద్దుకోవడంలో పేదరికం పాత్ర కూడా ఉంది. 1963లో ఒసాము తెజుకా ‘ఆస్ట్రో బాయ్’ను వారం వారం టీవీకి ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు డబ్బూ లేదు, సమయమూ లేదు. బొమ్మల సంఖ్య తగ్గించారు, పెదవులు మాత్రమే కదిలించారు, ఒకే చిత్రాన్ని క్షణాల కొద్దీ నిలిపారు. ఖర్చు తగ్గించే ఉపాయంగా వచ్చిన ఆ నిశ్చలతను తరవాతి తరాలు భావం చెప్పే పద్ధతిగా మలుచుకున్నాయి. నవోకో యమదా 2016లో తీసిన ‘ఎ సైలెంట్ వాయిస్’ అందుకు మంచి ఉదాహరణ. వినికిడి లేని తోటి విద్యార్థినిని చిన్నప్పుడు ఏడిపించిన ఇషిదా అనే అబ్బాయి, పెద్దయ్యాక ఆ అపరాధ భావంతో ఎవరి ముఖంలోకీ చూడలేడు. అతని కంటికి చుట్టూ ఉన్నవాళ్ల ముఖాల మీద పెద్ద ఇంటూ గుర్తులు అతికించి ఉంటాయి. కెమెరా తరచు మనుషుల కాళ్ల దగ్గరే ఆగిపోతుంది. తల దించుకున్నవాడికి కనిపించేవి అవే కాబట్టి. చివర్లో స్కూలు ఉత్సవంలో ఆ గుర్తులన్నీ ఒక్కసారిగా ఊడి రాలిపోతాయి. డైలాగు ఒక్కటీ అవసరం లేకుండా ఒక మనిషి తిరిగి లోకంలోకి వచ్చాడని తెలుస్తుంది. నటులతో తీస్తే ఇది ట్రిక్కులా తోచేది. గీసిన ప్రపంచంలో ఆ గుర్తు కూడా ముఖమంత నిజం.

అనిమే పేరుతో వచ్చేదంతా ఇంత నిజాయితీగా ఏడిపిస్తోందా అంటే, లేదు. జబ్బుపడిన అమ్మాయి, చెప్పలేకపోయిన ప్రేమ, చివరి ఉత్తరం, ఉప్పొంగే పియానో – ఈ నాలుగూ కలిపి కన్నీళ్లు రాబట్టే సూత్రం అక్కడ బాగా స్థిరపడింది. అనిమే మీద వచ్చే ఆరోపణల్లో బలమైనదొకటి ఇది. దీనికి జవాబు సూత్రం లేదనడం కాదు, సూత్రాన్ని మించినవాటిని గుర్తుపట్టడం. 2018లో వచ్చిన ‘వయొలెట్ ఎవర్‌గార్డెన్’ పదవ భాగాన్నే తీసుకుందాం. చనిపోబోయే తల్లి, కూతురికి రాబోయే 50 పుట్టినరోజుల కోసం ఉత్తరాలు రాయించి పెడుతుంది. వినడానికి పక్కా ఏడుపు సూత్రమే. కానీ ఆ భాగంలో ఎక్కువ సమయం ఉత్తరాలకు దక్కదు. ఉత్తరాలు రాసే మనిషి మీద, తల్లి సమయాన్ని ఆ కాగితాలు తినేస్తున్నాయన్న కోపంతో తలుపు సందులోంచి చూసే పిల్ల మీద చూపు నిలుస్తుంది. ఆ పిల్ల కోపం న్యాయమైనదని మనం ఒప్పుకున్నాకనే ఉత్తరాలు రావడం మొదలవుతుంది. కోపానికి చోటివ్వని కరుణ జాలిగా దిగజారుతుంది. ముగింపు తెలిసి రెండోసారి చూసినప్పుడు మొదటి సగమే ఎక్కువ కదిలిస్తే అది కళ. చివరి పది నిమిషాలు తప్ప ఏమీ మిగలకపోతే అది సూత్రం.

ఇంతకంటే బరువైన అభ్యంతరం చరిత్ర నుంచి వస్తుంది. చైనాలో, కొరియాలో జపాన్ సైన్యం చేసిన దారుణాలు తెర మీదికి రాకుండా, జపాన్ పిల్లల ఆకలిని చూపి ప్రపంచాన్ని ఏడిపించడం సబబా? ఈ ప్రశ్నను కొట్టిపారేయకూడదు. తన చిత్రం యుద్ధ వ్యతిరేక సందేశమన్న పొగడ్తను తకహతాయే అంగీకరించలేదు. పంతం పట్టి పిన్ని ఇంటి నుంచి వెళ్లిపోయి, సమాజంతో తెగతెంపులు చేసుకున్న సెయిటా నిర్ణయాన్ని కూడా నేటి యువకులు ప్రశ్నించుకోవాలని ఆయన ఉద్దేశం. అయినా ఆ చిత్రం చూపు ఇద్దరు పిల్లల పరిధి దాటదన్నది నిజం. సునావో కతబుచి 2016 నాటి ‘ఇన్ దిస్ కార్నర్ ఆఫ్ ది వరల్డ్’ ఆ పరిధిని దాటింది. హిరోషిమా పక్కన కురె పట్టణానికి కోడలిగా వెళ్లిన సుజు, రేషన్ చాలక పొలం గట్ల మీది ఆకులు ఏరి, బియ్యాన్ని ఎక్కువ కనిపించేలా ఉబ్బించి వండే పద్ధతులను సినిమా తాపీగా చూపిస్తుంది. బాంబు పేలి ఆడపడుచు కూతురు చనిపోతుంది. బొమ్మలు గీసే సుజు కుడి చెయ్యి పోతుంది. లొంగిపోతున్నామని చక్రవర్తి రేడియోలో చెప్పిన రోజు ఊళ్లో కొరియా జెండా ఎగురుతుంది. తాము తిన్న బియ్యం, సోయా సముద్రం అవతలి నుంచి వచ్చినవని సుజుకు అప్పుడు అర్థమవుతుంది. అన్నాళ్లు శ్రద్ధగా చూపించిన వంటిల్లే అక్కడ సాక్ష్యంగా మారుతుంది. బతుకును శ్రద్ధగా చూపే కళ నిజాయితీగా సాగితే, ఆ బతుకు ఎవరి కష్టం మీద నిలిచిందో కూడా చూపక తప్పదు. కన్నీరు ఆలోచనకు శత్రువన్న వాదం ఇక్కడ నిలబడదు.

1993 నాటి జపాన్–భారత్ ఉమ్మడి అనిమే ‘రామాయణ’ 2025 జనవరిలో తెలుగు మాటలతో మన థియేటర్లకు వచ్చింది. అదే ఏడు సెప్టెంబర్‌లో ‘డీమన్ స్లేయర్’ కూడా తెలుగులో విడుదలైంది. ప్రేక్షకులు ఉన్నారు, విమర్శే లేదు. కార్టూన్లంటే పిల్లల కాలక్షేపమన్న చిన్నచూపు ఒక పక్క, ఎన్ని కోట్లు వసూలైందన్న లెక్క మరో పక్క ఉండగా, ఈ చిత్రాలు మనసును ఎలా తాకుతున్నాయో పరిశీలించే రాత మన పత్రికల్లో కరువైంది. కరుణరసం గురించి వెయ్యేళ్లకు పైగా వాదించుకున్న సంప్రదాయానికి ఇది తగదు. మన తెర మీద కరుణ అంటే ఇప్పటికీ పెద్ద డైలాగు, దాని వెనక పెద్ద సంగీతం. ఒక పిల్ల ఖాళీ డబ్బాలో నీళ్లు తాగే తీరును అంతసేపు చూపించే తీరిక మన రచయితలకు, దర్శకులకు రావాలంటే, ఆ తీరికకు విలువ కట్టే విమర్శ ముందు రావాలి. కథలు, కవితలు, నాటకాలను అచ్చువేసి చర్చించే పత్రికలన్నీ ఇకనుంచి యానిమేషన్‌కూ పుటలు కేటాయించాలని కోరుతున్నాం. మా వంతుగా రాబోయే సంచికల్లో అలాంటి సమీక్షలను ఆహ్వానిస్తున్నాం. ఎంత ఏడిపించిందో రాస్తే చాలదు. ఏ గీత దగ్గర, ఎందుకు ఏడిపించిందో రాయాలి.