పొద్దు వాలితే... గుర్రాలు వెనక్కి!

శనివారం రాత్రి తొమ్మిదైంది. హాల్లో ఓ మూలనున్న కంప్యూటర్ ముందు తొమ్మిదో తరగతి కుర్రాడు తల పట్టుకుని కూర్చున్నాడు.

"మళ్లీ ఓడిపోయావట్రా?" సోఫాలో పేపరు తిరగేస్తున్న తాతయ్య అడిగాడు.

"నాలుగు గుర్రాలూ పోయాయి తాతయ్యా! అదృష్టం బాలేదంతే. ఆ అస్థిపంజరాలకి ఒక్క దెబ్బా సరిగ్గా తగల్లేదు."

"మావయ్యా, మీరైనా చెప్పండి వాడికి, లేచి అన్నం తినమని..." వంటింట్లోంచి కోడలి గొంతు.

తాతయ్య పేపరు మడిచి, కుర్చీ లాక్కుని మనవడి పక్కన కూర్చున్నాడు. అన్నం సంగతి ఆయనా మర్చిపోయాడు. ఎందుకంటే తెరమీద కనిపిస్తున్నది తుపాకుల మోత కాదు. వంతులవారీగా ఎత్తుకు పైఎత్తు వేసే ఆట. చిన్నప్పుడు ఊళ్లో రచ్చబండ మీద గీతలు గీసుకుని పులిజూదం ఆడిన చేయి మరి ఊరుకుంటుందా?

ఆ ఆట పేరు 'బ్యాటిల్ ఫర్ వెస్నాత్'. డేవిడ్ వైట్ అనే ప్రోగ్రామర్ 2003లో మొదలుపెట్టాడు. పాతకాలపు వీడియో గేములు 'మాస్టర్ ఆఫ్ మాన్‌స్టర్స్', 'వార్‌సాంగ్' దానికి స్ఫూర్తి. ఆ తర్వాత ఎందరో స్వచ్ఛందంగా చెయ్యి వేసి పెంచారు. కంప్యూటర్లో ఉచితంగా ఆడుకోవచ్చు. ప్రోగ్రాం లోగుట్టు కూడా అందరికీ తెరిచే ఉంటుంది. డబ్బులు పోసి కత్తులు, కవచాలు కొనుక్కునే బాదరబందీ లేదు. బుర్ర ఉంటే చాలు!

ఇందులో రాజుగారి వీరుల జట్టును 'లాయలిస్టులు' అంటారు. రాజభక్తులన్నమాట. ఈటెగాళ్లు, విలుకాళ్లు, గుర్రపు రౌతులు, ఉక్కు కవచాల కాల్బలం, మంత్రగాళ్లు, నీళ్లలో పోరాడే జలమానవులు... అన్ని రకాలూ ఉన్న జట్టు ఇది. కొత్తగా ఆడేవాళ్లు మాత్రం ఎగబడేది గుర్రాల మీదికే. బల్లెం పట్టుకుని దూసుకెళ్లే వీరుణ్ని చూస్తే ఎవరికి ఉత్సాహం రాదు? మొదటి ఆటలోనే ఎక్కువమంది ఓడిపోయేదీ ఆ గుర్రాల వల్లే!

రెండువైపులా పదునే

రౌతుకు ఈ ఆటలో ఓ వరముంది. ముందుగా తను దాడికి దిగితే దెబ్బ రెట్టింపవుతుంది. కానీ ఆ వరంలోనే శాపమూ ఉంది. ఆ దాడిలో ఎదుటివాడు కొట్టే దెబ్బ కూడా రెట్టింపే. అంటే గుర్రం దూకడమంటే జూదంలో పందెం రెండింతలు చేయడమే.

కుర్రాడి గుర్రాలకు ఏమైందో లెక్కేసి చూస్తే తెలుస్తుంది. రౌతు బల్లెం దెబ్బ 9. దూకితే 18. కానీ అది రాత్రి వేళ. రాజుగారి జట్టుకు చీకట్లో పావువంతు బలం తగ్గుతుంది. పైగా ఎదురుగా ఉన్నవి ఎముకల గూళ్లు. ఈటెలు, బల్లేలు, బాణాలు పక్కటెముకల సందుల్లోంచి దూరిపోతాయి గానీ పెద్దగా గాయం చేయలేవు. పొడుపు దెబ్బలో 60 శాతం వాటికి అంటదు. ఇవన్నీ పోగా 18 కాస్తా 5కు దిగింది!

మరి అస్థిపంజరం గొడ్డలి? దాని దెబ్బ 7. రాత్రి దానికి పావువంతు బలం పెరుగుతుంది. గుర్రం కవచం కొంత ఆపినా, దూకినందుకు రెట్టింపై, ఒక్కో వేటుకు 14 పడుతుంది. మూడు వేట్లూ తగిలితే 42. రౌతు ప్రాణబలం 38. ఇక అదృష్టాన్ని తిట్టుకుని ఏం లాభం?

"అయితే గుర్రం దేనికిరా?" అన్నాడు తాతయ్య.

మంచి ప్రశ్నే. దగ్గరి పోరులో చేతకాని వాళ్ల మీదికి. దూరం నుంచి మంత్రాలు వేసేవాళ్లు, బాణాలేసేవాళ్లు గుర్రానికి అసలైన ఎర. పట్టపగలు, మైదానంలో, ఒంటరిగా చిక్కిన మంత్రగాడి మీద గుర్రం దూకితే వాడు తిరిగి కొట్టేది అంతంతమాత్రం. అదే ఈటెగాడి మీదికి దూకితే? ముందు దెబ్బ వాడిదే. ఎవరు దాడికి దిగినా ఈటె పొడవు కాబట్టి తొలి పోటు వాడిదే అవుతుంది. పైగా గుర్రానికి పొడుపు దెబ్బ మామూలు కంటే 20 శాతం ఎక్కువ తగులుతుంది.

ఎముకల గూళ్లను కూల్చాలంటే గదలు పట్టిన ఉక్కు కవచాలవాళ్లు కావాలి. నిప్పు విసిరే మంత్రగాళ్లు కావాలి. మోదే దెబ్బ, మంట... ఈ రెండూ వాటికి మామూలు కంటే ఎక్కువ తగులుతాయి. ఏ తాళానికి ఏ చెవో తెలియడమే సగం యుద్ధం.

కల్పన కాదు... చరిత్రే!

గుర్రం ఈటెకు లొంగడం ఆట తయారుచేసినవాళ్ల ఊహ కాదు. 1302లో ఇప్పటి బెల్జియంలోని కోర్ట్రై దగ్గర ఫ్రాన్స్ రాజు వీరులు గుర్రాలెక్కి దూసుకెళ్లారు. ఎదురుగా ఉన్నది నేత పనివాళ్లూ, ఇతర చేతివృత్తులవాళ్లూ ఎక్కువగా ఉన్న కాల్బలం. వాళ్లు కాలవల వెనక, ఈటెలు నేలకు ఆనించి, బారులు తీరి కదలకుండా నిలబడ్డారు. గుర్రాలు కాలవల దగ్గర తడబడ్డాయి. వీరులు నేలకూలారు. యుద్ధం ముగిశాక వాళ్ల మడమలకున్న బంగారు ముళ్లను వందల జతలు ఏరుకున్నారట. అందుకే ఆ పోరుకు 'బంగారు ముళ్ల యుద్ధం' అని పేరు!

1346లో క్రెసీలోనూ అంతే. ఫ్రెంచి వీరులు మళ్లీ మళ్లీ గుర్రాలతో దూకారు. ఇంగ్లండు విలుకాళ్ల బాణాల వానలో మళ్లీ మళ్లీ కూలారు. ఆ వీరులకు ధైర్యం లేక కాదు. ఆగడం తెలియక!

ఎప్పుడు ఆగాలో చెప్పే గడియారం

వెస్నాత్‌లో ఒక రోజంటే ఆరు వంతులు. తెల్లవారుజాము, ఉదయం, మధ్యాహ్నం, సాయంసంధ్య, తర్వాత రాత్రి రెండు జాములు. ఉదయం, మధ్యాహ్నం రాజభక్తులకు పావువంతు బలం ఎక్కువ. రాత్రి రెండు జాముల్లో పావువంతు తక్కువ. ఓర్క్‌లకు, దొంగలకు, అస్థిపంజరాలకు సరిగ్గా దీనికి తలకిందులు.

రెండువైపులా 8 చొప్పున కొట్టే సైనికులున్నారనుకోండి. పగలు మనవాడు 10 కొడితే వాడు 6 కొడతాడు. రాత్రయితే వాడిది 10, మనది 6. అదే సైనికుడు, అదే కత్తి. మారింది పొద్దు మాత్రమే! కాబట్టి రాజభక్తుల యుద్ధం సముద్రపు అలలా సాగాలి. తెల్లవారగానే ముందుకు. పొద్దు వాలుతుంటే వెనక్కి. సాయంసంధ్య వేళ 'ఇంకొక్క దాడి' అని ఆశపడ్డవాడు రాత్రికి ఏడుస్తాడు. వెనక్కి నడవడానికీ ఒకటి రెండు వంతులు పడతాయి కాబట్టి, తిరుగుప్రయాణం మధ్యాహ్నమే ఆలోచించుకోవాలి.

ఎక్కడికి వెళ్లాలి? పల్లెలకు, కోటకు. మైదానంలో నిలబడ్డ కాలిబంటుకు దెబ్బ తగిలే అవకాశం 60 శాతం. పల్లెలోనో కోటలోనో నిలబడితే 40 శాతమే. పల్లెలో ఉన్నవాడికి వంతుకు 8 చొప్పున గాయం మానుతుంది కూడా. గుర్రాలకు మాత్రం ఈ గోడల రక్షణ అబ్బదు. కొండలు అసలే ఎక్కలేవు. అడవిలో నత్తనడకే. అందుకే రాత్రి గుర్రాలు వెనక వరసలో ఉండాలి. ముందు నిలబడాల్సింది కాలిబంట్లు.

పులిజూదం కిటుకు

"వరస విడిపోయింది చూడు. మేకను ఒంటరిగా వదిలేశావ్" అన్నాడు తాతయ్య తెర వంక చూపిస్తూ.

ఆయనకు ఆట కొత్తగానీ ఎత్తు పాతదే. పులిజూదంలో మేక వెనక గడి ఖాళీగా ఉంటేనే పులి దాన్ని దూకి చంపగలదు. వెనక ఇంకో మేక ఉంటే పులి నోరు మూసుకోవాల్సిందే. వెస్నాత్‌లో ప్రతి గడికీ ఆరు వైపులుంటాయి. ఒంటరిగా చిక్కిన సైనికుణ్ని ఆరుగురు చుట్టుముట్టొచ్చు. అదే పక్కపక్కన తిన్నగా బారు తీరితే మధ్యలో ఉన్నవాడి మీదికి ముందు నుంచి రాగలిగేది ఇద్దరే.

ఇంకో సౌకర్యం ఉంది. సైనికుడి పక్క గడిలోకి వచ్చిన శత్రువు దాదాపుగా అక్కడే ఆగిపోవాలి. పక్కనుంచి తప్పించుకుని పరుగెత్తడం కుదరదు. కాబట్టి సైనికులు తక్కువైనా మధ్యలో కాస్త ఎడం ఇచ్చి నిలబెట్టి దారి కాయొచ్చు. ఇక వరస వెనక గాయాలు మాన్పే శ్వేత మంత్రగాడు ఒకడుంటే, దెబ్బతిన్నవాణ్ని వెనక్కి లాగి, తాజాగా ఉన్నవాణ్ని ముందుకు తోయడమే పని.

'అదృష్టం బాలేదు'

ఇక అసలు గొడవ. ఈ ఆటలో ఏ దెబ్బా కచ్చితంగా తగలదు. 60 శాతం అవకాశంతో మూడు దెబ్బలు వేస్తే మూడూ తప్పడమనేది పదహారుసార్లకు ఒకసారి జరుగుతుంది. పదహారుకు ఒకటేగా అనిపిస్తుంది. కానీ ఒక్క ఆటలో ఇలాంటి పోట్లాటలు డజన్లకొద్దీ ఉంటాయి! ఎక్కడో ఒకచోట అది జరిగి తీరుతుంది. 'మూడూ తప్పితే నా గతేంటి?' అని ముందే అడుగుకున్నవాడే సేనాని. అడుక్కోనివాడు అదృష్టాన్ని తిడతాడు. బలం తక్కువున్న చోట అవకాశాన్ని కొనుక్కోవచ్చు కూడా. మంత్రగాడి నిప్పు శత్రువు ఏ కోటలో దాక్కున్నా 70 శాతం తగులుతుంది.

చాలామంది పిల్లలు చేసే పని వేరే. దెబ్బ తప్పగానే 'లోడ్' నొక్కి పాత వంతుకు వెళ్లిపోతారు. తగిలేదాకా అదే పని. గెలుస్తారు... కానీ ఏమీ నేర్చుకోరు!

ఎందుకంటే ఈ ఆటలో ప్రతి సైనికుడికీ ఒక పేరుంటుంది. పోరాడినకొద్దీ అనుభవం పెరుగుతుంది. ఒకటో స్థాయి శత్రువుతో తలపడితే ఒక పాయింటు, పడగొడితే 8. అందుకే తుది దెబ్బ ఎవరిచేత వేయించాలన్నది కూడా ఓ ఎత్తే. అనుభవం నిండితే ఈటెగాడు కత్తివీరుడవుతాడు, రౌతు నైట్ అవుతాడు. గాయాలన్నీ మాని కొత్త బలంతో నిలబడతాడు. కథలో తర్వాతి ఘట్టానికి బతికున్నవాళ్లను 20 బంగారు నాణేలిచ్చి మళ్లీ పిలుచుకోవచ్చు. చనిపోయినవాడు మాత్రం తిరిగి రాడు.

కొత్తవాళ్లు మొదలుపెట్టడానికి 'ది సౌత్ గార్డ్' అనే కథ ఉంది. దక్షిణపు సరిహద్దుకు పంపిన డియోరన్ అనే కుర్ర అశ్విక సేనానిది. అనుభవం లేని ఆ కుర్రాడు ఒక్కో ఘట్టంలో సేనను నడపడం నేర్చుకున్నట్టే, ఆడేవాళ్లూ నేర్చుకుంటారు.

ఆ రాత్రి...

మనవడి ఆటలోనూ అలాంటి ఈటెగాడు ఒకడున్నాడు. మొదటి ఘట్టం నుంచీ వెంట వస్తున్నవాడు. ఇంకొక్క శత్రువును పడగొడితే పై స్థాయికి వెళ్లేవాడు. ఇప్పుడు వాగుకు అవతల ఒంటరిగా చిక్కాడు. పొద్దు వాలుతోంది. మిగిలిన రెండు గుర్రాలతో దూకితే దారి దొరకొచ్చు. రెండూ పోవచ్చు.

"ఏం చేస్తావ్?"

కుర్రాడు చాలాసేపు ఆలోచించాడు. గుర్రాలను కోట వెనక్కి పంపాడు. ఈటెగాణ్ని దగ్గర్లోని పల్లెలోకి జరిపాడు. వాగు ఇవతల వరస కట్టాడు.

మొదటి జాము గడిచింది. పల్లెలోని ఈటెగాడు నిలబడ్డాడు. రెండో జాములో మూడు అస్థిపంజరాలు చుట్టుముట్టాయి. ఈసారి నిలబడలేకపోయాడు.

కుర్రాడి చేయి 'లోడ్' మీదికి వెళ్లింది.

"మా పులిజూదంలో ఈ మీట ఉండేది కాదురా" అన్నాడు తాతయ్య మెల్లగా. "పోయిన మేక పోయినట్టే. అందుకే మిగిలిన మేకల్ని జాగ్రత్తగా చూసుకునేవాళ్లం."

చేయి ఆగింది. వంతు ముగించాడు.

తెల్లవారింది. రాత్రంతా ఆ పల్లె చుట్టూ మూగి వరస చెదిరిన అస్థిపంజరాల మీదికి గదలవాళ్లు, మంత్రగాళ్లు కదిలారు. వాటి వెనక ఒంటరిగా మిగిలిన మంత్రగాడి మీదికి, ఎండ బాగా ఎక్కాక, రెండు గుర్రాలూ దూకాయి. మధ్యాహ్నానికి పోరు ముగిసింది.

తర్వాతి ఘట్టంలో పాతవాళ్లను పిలిచే జాబితా తెరుచుకుంది. కుర్రాడు పైనుంచి కిందికి రెండుసార్లు చూశాడు. ఆ ఒక్క పేరు లేదు.

"తాతయ్యా, రేపు నాకు పులిజూదం నేర్పుతావా?"

"నేర్పుతాలే. ముందు లే, అన్నం చల్లారిపోతోంది. పొద్దు వాలాక వెనక్కి తగ్గాలని ఇప్పుడేగా నేర్చుకున్నావ్!"