చదవడం వేరు, సరిచూడడం వేరు

పూర్వం ఫర్మానాకు విలువ దానిపై వేసిన మొహరు వలన వచ్చేది. అందులోని మాటలు గోప్యం కానక్కరలేదు. అది ఏలినవారి నుండి వచ్చినదా, కాదా అన్నదే ప్రశ్న. నేటి కంప్యూటర్ లోకంలో ఆ మొహరు పనిని సంతకం చేసిన టోకెన్ నిర్వహిస్తున్నది. మన విద్యార్థులు దీనిని తయారుచేయడం త్వరగానే నేర్చుకుంటున్నారు. సరిచూడడం కూడా అంత శ్రద్ధతోనూ నేర్వవలెనని మేము భావిస్తున్నాము.

ఒకసారి పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వచ్చినవానికి సర్వర్ ఒక టోకెన్ ఇస్తుంది. తరువాత ప్రతి కోరికతోనూ అతడు దానినే చూపుతాడు. ‘జేసన్ వెబ్ టోకెన్’ స్వరూపాన్ని 2015 మే నెలలో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 7519 నిర్ణయించింది. సాధారణంగా సంతకం చేసిన టోకెన్‌లో రెండు చుక్కలతో వేరుచేసిన మూడు భాగాలుంటాయి. మొదటిది సంతకపు పద్ధతి, రెండవది మనిషి వివరాలు, గడువు, మూడవది సంతకం. మొదటి రెండూ రహస్యం కావు, ఎవరైనా విప్పి చదవవచ్చు. కనుక పాస్‌వర్డ్ వంటివి అందులో ఉంచరాదు.

ఆ రెండు భాగాలనూ సర్వర్ రహస్య కీతో కలిపి హెచ్‌మాక్ షా-256 పద్ధతిలో గణిస్తే 256 బిట్ల సంతకం వస్తుంది. టోకెన్ తిరిగి వచ్చినప్పుడు సర్వర్ మళ్ళీ గణించి పోల్చుతుంది. ఒక్క అంకె మారినా సంతకం కుదరదు. అయితే ఆ కీ అమలాపురమనో, రాజోలనో సులభంగా ఊహించదగిన మాట కారాదు. 256 బిట్లకు తగ్గరాదని ప్రమాణమే శాసిస్తున్నది.

సరిచూడడంలో ఏమరుపాటు ఎంతటిదో 2015లో టిమ్ మెక్లీన్ బయటపెట్టాడు. మొదటి భాగంలో సంతకపు పద్ధతి ‘నన్’, అనగా ‘ఏదీ లేదు’ అని వ్రాస్తే, కొన్ని ప్రోగ్రాం లైబ్రరీలు సంతకం లేని టోకెన్‌ను సైతం అంగీకరించాయి. దొంగ చేతికే తాళాలిచ్చినట్లయింది! ఏ పద్ధతిలో పరీక్షించాలో పరీక్షించేవాడే ముందుగా నిర్ణయించుకోవలెను. వచ్చిన కాగితాన్ని అడిగి తెలుసుకోరాదు.

రహస్య కీతో సంతకం చేసి, బహిరంగ కీతో సరిచూసే పద్ధతి మరొకటి ఉన్నది. ఆధార్ క్యూ.ఆర్. గుర్తులోని సంతకం ఇటువంటిదే. బహిరంగ కీ ముందే దగ్గరుంటే ఇంటర్నెట్ లేకున్నా పరీక్షించవచ్చు. 2022 మే నెల అల్లర్ల తరువాత కొన్ని దినాలు ఇంటర్నెట్ నిలిచిపోయిన కోనసీమకు దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు. అయితే ఒకసారి ఇచ్చిన టోకెన్‌ను మధ్యలో రద్దు చేస్తే ఆ సంగతి సంతకం చెప్పదు. అందుకే గడువు స్వల్పంగా ఉండవలెను.

మా సూచనలు రెండు. విద్యార్థి ప్రాజెక్టును పరీక్షించే అధ్యాపకులు టోకెన్ రెండవ భాగంలోని రోల్ నంబరు మార్చి పంపవలెను. ప్రోగ్రాం నిరాకరిస్తేనే మార్కులు వేయవలెను. లేనిచో ఒకరి విద్యార్థివేతనపు వివరాలు మరొకరి చేతిలో పడగలవు. అట్లే, క్యూ.ఆర్. ఉన్న ధ్రువపత్రం వచ్చినప్పుడు అందులోని సంతకాన్ని సరిచూసే ఏర్పాటును కళాశాల కమిటీ కార్యాలయంలో కల్పించవలెను. గుర్తు కనిపించినంత మాత్రాన పత్రం నిజం కాదు. నిజమైన పత్రం తెచ్చిన పేద విద్యార్థికి న్యాయం జరగాలంటే నకిలీని నిలుపగలగాలి.