డీజిల్ ట్యాంకు పెంచితే మిగిలేదెంత?

2024 ఏప్రిల్‌లో నా పికప్పుకు రెండో డీజిల్ ట్యాంకు వేయించాను. వంద లీటర్లది. అప్పటికే మదనపల్లె చుట్టుపక్కల టమాటా తోలే బండ్లు కొన్నింటికి అలాంటివి ఉన్నాయి. ఇప్పటికీ మన సభ్యుల్లో కొందరు ‘నేనూ వేయిద్దామనుకుంటున్నా, ఏమంటావు?’ అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పేకంటే నా లెక్క మొత్తం ఇక్కడ పెడితే మంచిదనిపించింది.

అసలు మనకు పెద్ద ట్యాంకు ఎందుకు? దూరం కోసమైతే కాదు. కంపెనీ ఇచ్చిన ట్యాంకు అరవై లీటర్ల లోపుదే. లోడుతో లీటరుకు పన్నెండు కిలోమీటర్లు వచ్చినా ఒక్క నింపుతో ఆరు వందల కిలోమీటర్లకు తక్కువ పోదు. మదనపల్లె నుంచి చెన్నై కోయంబేడుకు పోయి రావడానికి అది చాలు. దారి పొడవునా బంకులే. ఆస్ట్రేలియాలో బంకుకూ బంకుకూ మధ్య వందల కిలోమీటర్లు ఎడారి ఉంటుంది. అక్కడ ల్యాండ్ క్రూజర్ 70 సిరీస్ పికప్పుకు కంపెనీయే 130 లీటర్ల ట్యాంకు ఇస్తుంది. యూట్యూబులో ఆ బండ్లను చూసి మన కుర్రాళ్లు ముచ్చటపడుతున్నారు. వాళ్ల అవసరం వేరు, మన అవసరం వేరు.

మన అవసరం రేటు. మదనపల్లె నుంచి పాతిక ముప్పై కిలోమీటర్లు పోతే కర్ణాటక. ట్యాంకు వేయించిన రోజుల్లో మా వైపు లీటరు 97 రూపాయలుంటే అవతల 86. పదకొండు రూపాయల తేడా. వంద లీటర్లు పట్టిస్తే 1,100 మిగులు. ట్యాంకుకు 22 వేలైంది. ఇరవైసార్లు నింపితే పెట్టుబడి వచ్చేస్తుంది, నెలకు మూడుసార్లు వడ్డహళ్లి మండీకి పోతాం కాబట్టి ఏడు నెలల్లో తీరిపోతుంది అనుకున్నాను. కాగితం మీద ఆ లెక్కలో తప్పు లేదు.

రెండు నెలలకే లెక్క మారింది. 2024 జూన్‌లో కర్ణాటక ప్రభుత్వం డీజిల్‌పై పన్నును 14.34 శాతం నుంచి 18.44 శాతానికి పెంచింది. 2025 ఏప్రిల్ 1 నుంచి 21.17 శాతం చేసింది. పదకొండు రూపాయల తేడా ఎనిమిదికి, ఆపైన ఆరుకు దిగింది. నా ట్యాంకు మాత్రం అంతే ఉంది. బెంగళూరులో ఎవరో సంతకం పెడితే మా ఊళ్లో నేను పెట్టిన పెట్టుబడి కరిగిపోయింది. పక్క రాష్ట్రం పన్ను మీద ఆశ పెట్టుకొని ఇనుము కొంటే జరిగేది ఇదే.

ఇవాళ కొత్తగా వేయించేవాళ్లు ఆరు రూపాయలతోనే లెక్క వేసుకోవాలి. వంద లీటర్లకు 600. మండీ పని మీద పోయినప్పుడే నింపితే 22 వేలు రావడానికి 37 సార్లు నింపాలి. డీజిల్ కోసమే పాతిక కిలోమీటర్లు పోయి వస్తే దారిలోనే నాలుగు లీటర్లు కాలిపోతుంది. అంటే సుమారు 380 రూపాయలు. ఇక మిగిలేది 220. అలాగైతే వందసార్లు నింపాలి. టైర్లు, ఆయిలు, మన కూలి ఇందులో కలపలేదు.

బరువు సంగతీ చూడాలి. వంద లీటర్ల డీజిల్ 83 కిలోల దాకా తూగుతుంది. ట్యాంకు, క్లాంపులు, పైపులు కలిపి ఇంకో ముప్పై కిలోలు. పాతిక కిలోల బాక్సు లెక్కన నాలుగు బాక్సుల టమాటా చోటు డీజిలే తినేస్తుంది. లేదంటే ఆ మేరకు ఓవర్‌లోడు అవుతుంది.

ఇక అసలు దెబ్బ. నాకు ట్యాంకు చేసినాయన జీఐ రేకుతో చేశాడు. తుప్పు పట్టదు కదా అని నేనూ సంతోషించాను. నీళ్ల ట్యాంకుకు జీఐ మంచిదే. డీజిల్‌కు మాత్రం అది పనికిరాదని తర్వాత తెలిసింది. జీఐ మీది జింకు పూత డీజిల్‌తో కలిసి సబ్బులాంటి జిగురు కడుతుంది. ఏడాదిలో రెండుసార్లు ఫిల్టరు మూసుకుపోయింది. బంకు డీజిల్ బాగా లేదని తిట్టుకొని ఫిల్టరు మార్చి తోలుతూ వచ్చాం.

2025 మే నెలలో ఒక రాత్రి మా పెద్దోడు అరవై బాక్సులతో కోయంబేడుకు బయలుదేరాడు. అందులో పాతికే మావి. మిగతావి మా చిన్నాయనవి, పక్క చేను కౌలు రైతువి. పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగుతుండగా ఇంజిన్ ఆగిపోయింది. ఇంజిన్ ఆగితే పవర్ స్టీరింగ్ బిగుసుకుపోతుంది, బ్రేకు రెండు మూడుసార్లు తొక్కేసరికి రాయిలా గట్టిపడుతుంది. వాడు గేరు, హ్యాండ్ బ్రేకు మీద ఎట్లాగో ఎడమ పక్క మట్టిలోకి దింపి ఆపాడు. ఫోనులో ‘నాయనా, బండి నిలబడింది, నాకేం కాలేదు’ అన్నాడు. ఆ మాట విన్నాక నాకు రెట్ట ఆడలేదు.

తెల్లారి మెకానిక్ నాలుగు ఇంజెక్టర్లూ పోయాయన్నాడు. ఇప్పటి ఇంజిన్లు కామన్ రైలువి. వెయ్యి బార్లకు పైన ఒత్తిడితో డీజిల్‌ను చిమ్ముతాయి. పాత ఇంజిన్లు ఓర్చుకున్న మురికిని ఇవి ఓర్చుకోవు. రిపేరుకు 38 వేలు. సరుకు వేరే బండిలోకి మార్చి మధ్యాహ్నానికి చేర్చేసరికి బాక్సుకు 150 తగ్గింది. అరవై బాక్సులకు 9 వేలు. చిన్నాయన ఏమీ అనలేదు. కౌలు రైతుకు ఆ డబ్బు నేనే ఇచ్చాను. తప్పు నా ట్యాంకుది.

పదమూడు నెలల్లో తేడా మీద మిగిలింది 32 వేలు. ట్యాంకు ఖర్చు పోగా పది వేలు. ఒక్క రాత్రిలో పోయింది 47 వేలు. నికరంగా 37 వేల నష్టం. ట్యాంకు విప్పి పాత ఇనుముకు వేశాను.

‘మంచి ట్యాంకు వేయించుకుంటే సరిపోతుంది కదా’ అనవచ్చు. నిజమే. జీఐ కాకుండా మందపాటి స్టీలుతోనో అల్యూమినియంతోనో చేసి, లోపల అడ్డురేకులు పెట్టి, గాలి పైపు, నీళ్లు దించే బిరడా, మధ్యలో ఇంకో ఫిల్టరు పెడితే ఇంజిన్‌కు ముప్పు తగ్గుతుంది. అడ్డురేకులు లేకపోతే సగం నిండిన ట్యాంకులో డీజిల్ మలుపు దగ్గర ఒక్కసారిగా ఒక పక్కకు వచ్చి బండిని లాగుతుంది. కానీ ఇవన్నీ పెడితే ఖర్చు పెరుగుతుంది, మిగులు ఇంకా వెనక్కి పోతుంది.

పైగా చట్టం ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న కంపెనీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగితే ఆర్‌సీలో లేని ట్యాంకును చూపించి క్లెయిము ఎగ్గొట్టడానికి ఇన్సూరెన్సు కంపెనీకి సాకు దొరుకుతుంది. ఘాట్‌లో ఆ రాత్రి ఎదురుగా ఇంకో బండి వచ్చి ఉంటే మా ఇల్లు, చేను రెండూ పోయేవి.

అందుకే మన ఆలోచన ట్యాంకు మీద నుంచి పన్ను మీదికి మళ్లాలి. ఆంధ్రప్రదేశ్‌లో డీజిల్‌పై 22.25 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు 4 రూపాయలు, రోడ్డు అభివృద్ధి పేరుతో ఇంకో రూపాయి వసూలు చేస్తున్నారు. కర్ణాటకతో శాతంలో తేడా ఇప్పుడు ఒకటికి కాస్త ఎక్కువ, అంతే. రేటులో తేడా ఎక్కువగా ఆ ఐదు రూపాయల దగ్గరే ఉంది. తెలంగాణలో వ్యాట్ 27 శాతం. అక్కడ సరిహద్దు మండలాల రైతులదీ ఇదే బాధ. కేంద్రం 2021 ఫిబ్రవరిలో డీజిల్‌పై లీటరుకు 4 రూపాయల సెస్సు పెట్టింది. దాని పేరు వ్యవసాయ మౌలిక వసతుల, అభివృద్ధి సెస్సు. దుక్కి దున్నే ట్రాక్టరూ కడుతుంది, టమాటా తోలే పికప్పూ కడుతుంది. మన పేరు చెప్పి మన దగ్గరే వసూలు!

రైతుకు డీజిల్ రాయితీ కుదరదని అధికారులు అంటారు. ఎందుకు కుదరదు? మన రాష్ట్రంలోనే వేటకు పోయే బోట్లకు డీజిల్ రాయితీ ఉంది. 2019లో దాన్ని లీటరుకు 6 రూపాయల 3 పైసల నుంచి 9 రూపాయలకు పెంచారు. మత్స్యకార సోదరులు పోరాడి సాధించుకున్నారు, వాళ్లకు అందాల్సిందే. రిజిస్టరైన బోటును గుర్తించి ఇవ్వగలిగినప్పుడు రిజిస్టరైన బండిని, ట్రాక్టరును గుర్తించడం ఎందుకు చేతకాదు?

రాయితీ బండి ఓనరు జేబులోకి పోతుంది, బాడుగ కట్టే కౌలు రైతుకు ఏం వస్తుందని మనలోనే కొందరి సందేహం. సరైన సందేహమే. అందుకే రాయితీని మార్కెట్ యార్డు గేటు చీటీతో ముడిపెట్టాలి. చీటీ మీద ఉన్న రైతు పేరున, అతను తెచ్చిన సరుకు లెక్కన డబ్బు జమ కావాలి. అప్పుడు పట్టా ఉన్నవాడికీ కౌలుదారుకీ సమానంగా అందుతుంది. దొంగ బిల్లులకూ చోటు తగ్గుతుంది.

వచ్చే నెల మండల సమావేశానికి సభ్యులంతా ఈ సీజనులో డీజిల్ పోయించుకున్న బిల్లులు, యార్డు చీటీలు తీసుకురావాలని కోరుతున్నాను. బాక్సు టమాటా మీద డీజిల్ పన్ను ఎంత పడుతోందో మన బిల్లులతోనే లెక్క తేల్చి, ఆ కాగితాన్ని కలెక్టరు ముందు, ఎమ్మెల్యేల ముందు పెడదాం. ఈలోగా రెండో ట్యాంకు ఉన్నవాళ్లు ఒకసారి కిందికి దూరి అది ఏ రేకుతో చేసిందో చూసుకోండి. జీఐ అయితే ఈ రోజే విప్పించండి. ఆ బండి తోలేది మన పిల్లలే.